గుళికలయందు గుండెబలము కలదా?

మనుష్యుడు దీర్ఘాయువును కోరుట సహజము. ఆయువుతోపాటు ఆరోగ్యమునుకూడ కోరుట వివేకము. అయితే ఈ రెండింటిని ఒక సీసాలో పెట్టి అమ్ముచున్నామని ఎవరైనను చెప్పినప్పుడు, డబ్బు చెల్లించుటకు ముందు కొంచెము ఆలోచించుట చదువుకొన్నవారి ధర్మము. నేను అట్లు ఆలోచింపలేదు. కావున మా కుటుంబములో జరిగిన సంగతిని మొదట చెప్పి, పిమ్మట శాస్త్రవిషయమునకు వచ్చెదను.

మా మేనత్త శ్రీకాకుళము జిల్లాలో సముద్రతీరపు పల్లె యొకదానియందు నివసించుచున్నది. ఆమెకు చిన్ననాటినుండి అడ్డపొగ త్రాగు అలవాటు. అనగా చుట్టయొక్క నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని పొగ పీల్చుట. వయస్సు ముదిరినకొలది ఆమెకు రక్తపుపోటు హెచ్చగా, ప్రభుత్వ వైద్యశాలలో దినమున కొక చిన్నమాత్ర నిచ్చి, దానిని ఎన్నడును మానరాదని చెప్పిరి. ఒక సంవత్సరము సంక్రాంతి సెలవులకు ఆమెను చూడబోవుచు, పట్టణములో మందుల అంగడియందు మెరయుచున్న గుళికల సీసా నొకదానిని కొంటిని. గుండెకు రక్ష యనియు, వార్ధక్యమునకు విరుగుడనియు, యాంటీ ఆక్సిడెంట్లతో నిండినదనియు దానిపై వ్రాసియుండెను. చిన్నతనమున నన్ను పెంచిన అత్తకు ఇంతకంటె తగిన కానుక లేదని తలచితిని.

ఉగాదినాటికి మరల వెళ్లి, చుట్ట మానితివా యని అడిగితిని. ఆమె నవ్వి, “నువ్వు తెచ్చిన గుళికలు మింగుతున్నాను కదరా నాయనా, ఇంకా చుట్ట మానీమంటావేటి?” అనెను. ఆ మాటకు నేనుకూడ నవ్వితిని. నవ్వవలసిన మాట కాదని అప్పుడు తెలియలేదు. మూడు నెలలు గడచినపిమ్మట ఒక ఉదయమున ఆమెకు కుడిచేయి పడిపోయి, మాట తడబడెను. వైద్యశాలలో వైద్యుడు ఏమి మందులు వాడుచున్నదని అడుగగా, మా బావమరది నేను కొనిన సీసాను చూపెను. “ఇది సరే, బి.పి. మాత్ర ఏది?” అని వైద్యుడు మరల అడిగెను. అప్పుడు మా అత్త తడబడు నాలుకతో చెప్పిన సమాధానము నేటికిని నా చెవులలో నున్నది: “అది మానీసేను బాబూ. రెండేసి రకాలెందుకు? ఇది ఖరీదైంది కదా.”

పై తరగతుల పిల్లలకు శాస్త్రము బోధించు నేను ఆనాడు తలవంచుకొని నిలుచుంటిని. ఆ గుళిక విషము కాదు. కాని అది మా అత్తచేత ఒక మంచి మాత్రను మాన్పించెను. ఒక చెడ్డ అలవాటును నిలిపెను. పిమ్మట నేను దానిని గురించి చదివి తెలిసికొన్న విషయములను మీ యెదుట ఉంచుచున్నాను.

విద్యార్థులారా, సముద్రపు గాలికి ఇనుపమేకు తుప్పుపట్టుటను మీరు చూచియుందురు. కోసిన వంకాయముక్క గాలికి నల్లబడుటయు, నిలువయుంచిన నూనె కొంతకాలమునకు చెడువాసన కొట్టుటయు మీకు తెలియును. ఈ మూడింటికిని కారణము ఒక్కటే. గాలిలోని ప్రాణవాయువు ఆ పదార్థములతో కలిసి వాటిని మార్చుచున్నది. కోసిన అరటికాయముక్కలను మజ్జిగనీటిలోగాని నిమ్మరసము కలిపిన నీటిలోగాని వేసినచో అవి త్వరగా నల్లబడవని మన తల్లులు ఎరుగుదురు. నువ్వులనూనె తక్కిన పెక్కు నూనెలకంటె ఎక్కువకాలము చెడకుండుటకు, దానియందు సహజముగనే యుండు సెసమాల్ మొదలగు పదార్థములు కారణము. ఇట్లు ప్రాణవాయువు చేయు మార్పును అడ్డగించునట్టి పదార్థములనే యాంటీ ఆక్సిడెంట్లు అందురు. సి విటమిను, ఇ విటమిను, క్యారెట్టునకును పండిన బొప్పాయికిని రంగునిచ్చు బీటా కెరోటీను, ఇట్టి జాతికి చెందినవే. సెలీనియమను ధాతువుకూడ శరీరములోని కొన్ని రక్షకపదార్థములకు అవసరమైనది.

మన దేహములోను ఇట్టి మార్పు నిరంతరము జరుగుచున్నది. మనము తిన్న అన్నము జీవకణములలో ప్రాణవాయువుతో కలిసి శక్తి నిచ్చును. పొయ్యిలో కట్టె మండునప్పుడు నిప్పురవ్వలు ఎగిరినట్లు, ఈ పనిలో కొన్ని అణువులు తమ ఎలక్ట్రానులలో ఒకదానికి జత లేకుండ బయలువెడలును. వీనికి ఫ్రీ రాడికల్సని పేరు. జత తప్పిన ఈ అణువులు ప్రక్కనున్నవానినుండి ఎలక్ట్రానును లాగికొని, కణముల పొరలకును, లోపలి వంశసూత్రములకును హాని చేయగలవు. చుట్టపొగ ఇట్టి రవ్వలను బయటినుండికూడ తెచ్చి లోపల పోయును.

అయితే సృష్టియందు ఈ రవ్వలకు కాపలా లేకపోలేదు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేసు అను ఎంజైము చేయు పనిని 1969లో అమెరికాలో మెక్కార్డ్, ఫ్రిడొవిచ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కెటలేసు అనునది మరియొకటి. దీనిని మన పాఠశాల ప్రయోగశాలలోనే చూడవచ్చును. పచ్చి బంగాళాదుంపముక్కపై మీ ఉపాధ్యాయుని సమక్షమున హైడ్రోజన్ పెరాక్సైడు చుక్కలు వేసినచో నురుగు పొంగివచ్చును. దుంపలోని కెటలేసు ఆ ద్రవమును నీరుగను ప్రాణవాయువుగను విడదీయుటచేత ఆ నురుగు పుట్టుచున్నది. అదే ఎంజైము మన రక్తములోను కాలేయములోను రేయింబవళ్లు పనిచేయుచున్నది.

అమెరికా దేశస్థుడగు డెన్‌హామ్ హార్మన్ అను శాస్త్రజ్ఞుడు 1956లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. ఈ రవ్వలు చేయు హాని యేటేట పేరుకొనుటయే ముసలితనమునకు కారణమని దాని సారాంశము. తరువాత గుండెజబ్బును పరిశోధించినవారు మరియొక సంగతిని గమనించిరి. రక్తములోని చెడు కొలెస్టరాలు రక్తనాళపు గోడలో చేరి, అచ్చట ప్రాణవాయువుచేత మార్పుచెందినపిమ్మట, దానిని తెల్లకణములు మితిమీరి మ్రింగి, ఉబ్బి, అచ్చటనే నిలిచిపోవును. అట్లు గోడ దళసరియై, నాళము ఇరుకై, ఒకనాడు అచ్చట రక్తము గడ్డకట్టినచో గుండెపోటు వచ్చును. మరియు పండ్లు, కూరగాయలు హెచ్చుగా తినువారికి గుండెజబ్బు తక్కువగా నుండునని జనుల నడవడిని పరిశీలించినవారు చెప్పిరి. ఈ మూడు మాటలను కలిపినచో, పండ్లలోని యాంటీ ఆక్సిడెంట్లను తీసి గుళికగా చేసి మ్రింగినయెడల గుండె నిలుచును, ముసలితనము వెనుకకు పోవును అను ఆశ పుట్టుట వింతకాదు.

ఆశకును నిదర్శనమునకును భేదము కలదు. ఒక తరగతిలో ఇంట గోడగడియారము గల పిల్లలకు ఎక్కువ మార్కులు వచ్చినవనుకొనుడు. ఆ కారణముచేత తక్కిన పిల్లల కందరకు గడియారములు పంచిపెట్టినచో వారి మార్కులు పెరుగునా? గడియారము గల యింట దీపము, పుస్తకము, చదివించు తల్లిదండ్రులు కూడ ఉండియుందురు. అట్లే పండ్లు, కూరలు ఎక్కువగా తినువారు పొగ తక్కువగా త్రాగుదురేమో, ఎక్కువ నడుచుదురేమో, రోగము ముదరకముందే వైద్యునియొద్దకు పోదురేమో. వారి గుండె బాగుండుటకు కారణము పండులోని ఒక్క పదార్థమే యని చెప్పవలెనన్నచో, దానిని వేరుగా పరీక్షింపవలెను.

ఆ పరీక్ష చేయు పద్ధతి సులభముగ తెలియునట్టిదే. వేలకొలది జనులను చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజింతురు. ఒక గుంపునకు నిజమైన గుళికను, రెండవ గుంపునకు అదే రంగు, అదే పరిమాణము గల ఉత్తగుళికను ఇత్తురు. ఎవరికి ఏది ముట్టినదో మ్రింగువారికిని తెలియదు, ఇచ్చువారికిని తెలియదు. కొన్ని సంవత్సరములు గడచినపిమ్మట ఏ గుంపులో ఎందరు రోగగ్రస్తులైరో, ఎందరు మరణించిరో లెక్కింతురు. పక్షపాతమునకు ఇచ్చట చోటు లేదు.

ఫిన్‌లండు దేశములో పొగత్రాగు పురుషులు 29,133 మందితో ఇట్టి పరీక్ష జరిగెను. వారు 50 మొదలు 69 సంవత్సరముల వయస్సువారు. కొందరికి దినమునకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటీను, కొందరికి ఇ విటమిను, కొందరికి రెండును, కొందరికి ఉత్తగుళిక ఇచ్చిరి. పొగవలన కలుగు ఊపిరితిత్తుల పుట్టకురుపు ఈ గుళికలచేత తగ్గునని అందరును ఎదురుచూచిరి. 1994లో ఫలితము వెలువడెను. బీటా కెరోటీను తినినవారిలో ఆ రోగము తగ్గలేదు సరిగదా, నూటికి 18 వంతులు పెరిగెను. మరణములు నూటికి 8 వంతులు హెచ్చెను. పరిశోధకులే నమ్మలేకపోయిన ఆ ఫలితమునకు రెండు సంవత్సరములలో అమెరికానుండి సాక్ష్యము వచ్చెను. అచ్చట పొగత్రాగువారు, పూర్వము త్రాగి మానినవారు, ఆస్‌బెస్టాస్ ధూళిలో పనిచేసినవారు, మొత్తము 18,314 మందితో జరుగుచున్న పరీక్షలో బీటా కెరోటీనును ఎ విటమినును కలిపి ఇచ్చిరి. ఊపిరితిత్తుల పుట్టకురుపు నూటికి 28 వంతులు ఎక్కువగుటచేత, 1996లో దానిని గడువుకంటె 21 నెలలు ముందుగనే ఆపివేసిరి.

“ఇంకా చుట్ట మానీమంటావేటి?” అనిన మా అత్త మాటకు ఫిన్‌లండు చెప్పిన ప్రత్యుత్తర మిది. పొగకు గుళిక పరిహారము కాదు. పొగత్రాగువారియందు అది అపాయమునే పెంచవచ్చును.

ఇక గుండె సంగతి. భారతదేశమున జన్మించి కెనడాలో స్థిరపడిన వైద్యుడు సలీం యూసుఫ్ నాయకత్వమున 19 దేశములలో జరిగిన పరీక్షలో, గుండెజబ్బుగాని మధుమేహముగాని గల 55 సంవత్సరములు దాటినవారు 9,541 మంది చేరిరి. నాలుగున్నర సంవత్సరములు ఇ విటమిను తినినవారిలో నూటికి 16.2 మందికి గుండెపోటో, పక్షవాతమో, ఆ కారణమున మరణమో సంభవించెను. ఉత్తగుళిక తినినవారిలో ఆ సంఖ్య 15.5. ఫలితము 2000 సంవత్సరమున ప్రకటింపబడెను. లాభము లేదని తేలెను. అదే జనులను మరికొన్ని సంవత్సరములు గమనింపగా, ఇ విటమిను తినినవారిలో గుండె బలహీనపడుట కొంత హెచ్చినదని 2005లో తెలిసెను.

బ్రిటనులో 20,536 మందితో జరిగి 2002లో వెలువడిన పరీక్ష మరింత బోధకరమైనది. అందు ఇ, సి విటమినులును బీటా కెరోటీనును కలిపిన గుళికను ఐదు సంవత్సరములు ఇచ్చిరి. మరణములు విటమిను గుంపులో నూటికి 14.1; ఉత్తగుళిక గుంపులో 13.5. విటమినుల పరీక్ష అక్కడ తెల్లపోయెను. కాని అదే పరీక్షలో, అదే జనులయందు, కొలెస్టరాలును తగ్గించు స్టాటిన్ జాతి మాత్రనుకూడ పరీక్షించిరి. ఆ మాత్ర గుండెపోట్లను, పక్షవాతములను సుమారు నాలుగవ వంతు తగ్గించెను. కావున పరీక్షయొక్క కన్ను మసకది యని ఎవరును అనజాలరు. లాభమున్నచోట అది చూపినది. లేనిచోట లేదని చెప్పినది.

ఇట్టి పరీక్షలు 78 చేర్చి, 2,96,707 మంది లెక్కను 2012లో ఒకచోట కూర్చి చూచిరి. యాంటీ ఆక్సిడెంటు గుళికలు ఆయువును పెంచినట్లు కనబడలేదు. బీటా కెరోటీను, ఇ విటమిను ఆయువును కొంచెము తగ్గించుచున్నట్లు తోచెను. సి విటమిను, సెలీనియము మేలునుగాని కీడునుగాని చూపలేదు. గుండెజబ్బును పుట్టకురుపును రాకుండ చేయుటకై బీటా కెరోటీనును ఇ విటమినును వాడవలదని అమెరికాలోని నివారణవైద్య నిపుణుల సంఘము 2022లో స్పష్టముగా చెప్పినది.

సిద్ధాంతము అంత సొంపుగా నుండగా ఫలితము ఇట్లేల వచ్చెను? ఇందుకు పండితులు పెక్కు కారణములు చూపుదురు. మొదటిది: రవ్వలన్నియు శత్రువులు కావు. మన తెల్లకణములు రోగక్రిములను చంపుటకు వానినే ఆయుధములుగా వాడుచున్నవి. వ్యాయామము చేయునప్పుడు పుట్టు రవ్వలు, మరింత బలపడుమని కండరములకు సంకేత మిచ్చుచున్నవి. 2009లో వెలువడిన ఒక జర్మను పరిశోధనలో, సి, ఇ విటమినులను హెచ్చు మోతాదున తినుచు వ్యాయామము చేసినవారికి, ఆ వ్యాయామమువలన చక్కెర విషయమున కలుగవలసిన మేలు కలుగలేదు. ఇల్లు తగులబడునేమో యను భయముతో పొయ్యిలో నీళ్లు పోసినవానికి ఇల్లు దక్కవచ్చునుగాని అన్నము ఉడుకదు. రెండవది: పండులోని గుణము ఒక్క పదార్థమునందు లేదు. అందు పీచు, పొటాషియము, వందలకొలది ఇతర పదార్థములు తగుపాళ్లలో నున్నవి. అంతేకాక పండు తినినవాని కడుపులో ఆ మేరకు నూనెవంటకమునకు చోటు తగ్గును. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: లోపమును తీర్చుట వేరు, చాలినదానిపై మరల పోయుట వేరు. నిండిన చెరువునకు నీరు మళ్లించినచో గట్టు తెగునుగాని పంట పెరుగదు.

ఈ మూడవ మాటకు నిదర్శనము మన ప్రాంతపు అలవాటునుండియే వచ్చినది. బొంబాయి టాటా మౌలిక పరిశోధనసంస్థకు చెందిన ఫాలీ మెహతా, డెన్మార్కు దేశస్థుడగు పిండ్‌బోర్గ్ మొదలగువారు శ్రీకాకుళము జిల్లా పల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి, 1971లో తమ లెక్కలను ప్రకటించిరి. వారిలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ త్రాగువారే. నిప్పు నోటిలో నుండుటచేత అంగిలి కాలి, తెల్లమచ్చలును పుండ్లును ఏర్పడి, కొందరియందు అవి పుట్టకురుపుగా మారుచుండెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు అడ్డపొగ త్రాగు పల్లెప్రజలలో ఎ విటమిను, రైబోఫ్లేవిను, జింకు, సెలీనియము అను నాలుగింటిని ఒక సంవత్సరము ఇచ్చి చూచిరి. 1995లో ప్రకటింపబడిన ఆ పరీక్షలో, పోషకములు పుచ్చుకొన్నవారిలో సగముకంటె ఎక్కువమందికి అంగిలిమచ్చలు మాయమయ్యెను. ఉత్తగుళిక తినినవారిలో అట్టివారు నూటికి పదిమందియు లేరు.

ఫిన్‌లండులో కీడు, మనయొద్ద మేలు! ఇది విరుద్ధమని తొందరపడి అనరాదు. ఇచ్చిన పదార్థములు వేరు. చూచిన రోగము వేరు. ఇచ్చట చూచినది మచ్చలనేగాని మరణములను కాదు. అంతకుమించి మన పల్లెలలోని పేదప్రజల దేహములలో ఆ పోషకములే కొరతగా నుండెను. ఫిన్‌లండు పురుషులు తిండికి లోటులేనివారు. ఎండిన చేనికి తడి అమృతము; నిండినదానికి అదే ముంపు. అయినను ఆ పోషకములు చుట్టను నిరపాయము చేసినవని ఎవరును చెప్పలేదు. శ్రీకాకుళము, కేరళములోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము జిల్లాలలో 36,000 మందికి పైగా పొగాకు వాడువారిని ఇంటింట దర్శించి, మానుమని బోధించిన మరియొక ప్రయత్నపు ఫలితములు 1986లో వెలువడెను. బోధ వినినవారిలో ఎక్కువమంది పొగాకును మానిరి, లేక తగ్గించిరి. మన జిల్లాలో నోటిలోని తెల్లమచ్చలును తగ్గెను. ఈ మందునకు సీసా లేదు, వెల లేదు.

పోషకమనగానే అది ఎల్లప్పుడు మేలే చేయునను భ్రమను తొలగించిన చరిత్రలో మన తెలుగువాని పాత్రయు కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనమున స్ప్రూ అను గ్రహణివంటి రోగముచేత బాధపడి, అదే రోగమునకు తన సోదరులను కోల్పోయెను. అమెరికాకు పోయి లెడర్లీ పరిశోధనశాలకు నాయకుడైనపిమ్మట, ఆయన పర్యవేక్షణమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారై, 1945లో లోకమునకు వెల్లడియయ్యెను. స్ప్రూవలని రక్తహీనతకు అది దివ్యౌషధమైనది. అయితే బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు పుట్టకురుపు గల పిల్లలకు ఆ జాతి పదార్థముల నిచ్చి చూడగా, రోగము తగ్గుటకు మారుగా వేగముగా ముదిరెను. అంతట సుబ్బారావు బృందమువారు ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలమైన మందును తయారుచేసి యిచ్చిరి. దానితో కొందరు పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగెనని 1948లో ఫార్బర్ ప్రకటించెను. ఒకే విటమిను ఒకనికి ప్రాణము, మరియొకనికి ప్రమాదము. ఆ ఫోలిక్ ఆమ్లమునే బి విటమినులతో కలిపి గుండెరక్షకై ఐదు సంవత్సరములు ఇచ్చిన పరీక్షయొక్క ఫలితము 2006లో వచ్చెను. హానికరమని తలచిన హోమోసిస్టీను అను పదార్థము రక్తములో తగ్గెను. గుండెపోట్లు మాత్రము తగ్గలేదు.

ఈ వ్రాత చదివి, మాత్రలన్నియు వ్యర్థమని మీరు తలచినచో నా శ్రమ తలక్రిందులగును. గర్భిణులకు ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్రలు అవసరమైనవి. పాఠశాలలలో వారమున కొకసారి ఇచ్చు నీలిమాత్ర రక్తహీనతను పోగొట్టుటకే. దానిని కిటికీలోనుండి పారవేయరాదు. పసిపిల్లలకు వేయు ఎ విటమిను చుక్కలును అట్టివే. ఇవి లోపమును చూచి, కొలిచి, ఇచ్చునట్టివి. రక్తపుపోటు, చక్కెర, కొలెస్టరాలు మాత్రలు పరీక్షలో నెగ్గినవి. వైద్యుడు చెప్పక వానిని మానరాదు. ఎవరి సలహాయు లేక, లోపమేమో తెలియక, వార్ధక్యమునకు భయపడి కొను గుళికలను గురించియే నేను చెప్పుచున్నాను. రక్తము పలుచబడుటకు మందు వాడువారు ఇ విటమినును హెచ్చుగా తినినచో రక్తస్రావపు భయము కలదు. సి విటమిను పెద్దమోతాదులు కొందరి మూత్రపిండములలో రాళ్లను కలిగించును. సోంపేట, కవిటి, పలాస ప్రాంతమగు ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను కృంగదీసినదో మనకు తెలియును. అట్టి రోగులు వైద్యుని అడుగక ఏ బలపుగుళికను, ఏ నొప్పిమాత్రను ముట్టరాదు.

అయినచో గుండెకు మనము చేయదగిన ఉపచారమేమి? మొదటిది పొగాకును మానుట. మానిన ఒక సంవత్సరమునకే, పొగవలన హెచ్చిన గుండెజబ్బు భయము సుమారు సగమునకు తగ్గునని వైద్యులు చెప్పుదురు. రెండవది ఉప్పును తగ్గించుట. ప్రపంచ ఆరోగ్యసంస్థ దినమునకు 5 గ్రాములలోపు చాలునని చెప్పినది; అనగా ఒక చిన్న చెంచాడు. మన ఆవకాయ, ఎండుచేప, అప్పడములలోని ఉప్పునుకూడ ఆ లెక్కలో చేర్చుకొనవలెను. మూడవది నడక. నాల్గవది ఏడాది కొకసారియైనను పెద్దలకు రక్తపుపోటు చూపించుట.

ఇక యాంటీ ఆక్సిడెంట్లు కావలెనన్నచో, అవి మన సంతలోనే కుప్పలుగా నున్నవి. ఉసిరికాయలో నిమ్మపండుకంటె పెక్కు రెట్లు సి విటమిను కలదు. మునగాకు, గోంగూర, తోటకూర పెరటిలో పెరుగునవే. నువ్వులు, వేరుసెనగలు, మన పలాస జీడిపప్పు మితముగా తినినచో మంచి క్రొవ్వు నిచ్చును. మన తాతలు త్రాగిన చోడిఅంబలిలో పీచును సున్నమును గలవు. ఒక నెల గుళికల వెలతో ఒక కుటుంబమునకు ఎన్ని వారముల ఆకుకూరలు వచ్చునో, లెక్కలు నేర్చిన మీరే గుణించి చూడుడు.

మా అత్త బ్రతికియున్నది. కుడిచేయి ఇంకను స్వాధీనము కాలేదు. చుట్టను వైద్యశాలలోనే వదలినది, తిరిగి ముట్టలేదు. నేను వెళ్లినప్పుడెల్ల ఎడమచేతితో దిండు క్రిందినుండి మాత్రల అట్టను తీసి, ఎన్ని ఖాళీయైనవో చూపి, “చూసుకో నాయనా, ఒక్కటీ మానలేదు” అనును. ఆ వెండిరంగు అట్టను చూచినప్పుడు నాకు సంతోషమును కలుగును, సిగ్గును కలుగును. ఆ గుళికల సీసాకు బదులుగా, నేను ఆ సంక్రాంతినాడు ఆమె ప్రక్కన కూర్చుండి ఆమె పాతమాత్ర ఎందుకో విప్పి చెప్పియున్నచో చాలియుండెను. దానికి నాకు పది నిమిషములు పట్టియుండును.

కావున విద్యార్థులారా, మీకు ఒక పని అప్పగించుచున్నాను. మీ యిండ్లలో మందుసీసాపై ఇంగ్లీషున వ్రాసినదానిని చదువగలవారు పెక్కుచోట్ల మీరొక్కరే. ఈ సెలవులలో మీ తాతయొక్కయు, మామ్మయొక్కయు మాత్రలను ముందు పెట్టుకొని, ఏది వైద్యుడిచ్చినదో, ఏది అంగడిలో కొన్నదో వేరుచేయుడు. మొదటిది ఎందుకో వారికి మెల్లగా చెప్పుడు. మీకు తెలియనిచో వైద్యశాలలో అడిగి వచ్చి చెప్పుడు. రెండవదానిని వైద్యునికి చూపనిదే వాడనీయకుడు. నేను కొనిపోయిన కానుకకంటె అది మంచి కానుక.